నూటొక్క కుర్రాళ్ళూ - ఒక లెక్కల మేష్టారూ

మా అల్లుడు దక్షిణ కొరియాలో సువన్ అనే ఊళ్ళో ఇంజనీరు. "ఒక్కసారి వచ్చి చూసి వెళ్ళండి మామయ్యగారూ" అని నాలుగేళ్ళ పాటు అడిగాడు. అడిగినప్పుడల్లా నాకేదో అడ్డం వచ్చేది. ఒక ఏడు మోకాలు నొప్పి, ఒక ఏడు ఇంటి సున్నాలు, ఒక ఏడు అసలు కారణమే లేదు. చివరికి 2019 జూన్ మొదటివారంలో, మా ఇంటావిడ కట్టిన ఆవకాయ జాడీతో సహా ఇంచియాన్ విమానాశ్రయంలో దిగాము. అప్పటికి మన రాష్ట్రంలో ఎన్నికలై, ఫలితాలు వచ్చి రెండు వారాలైంది. ఏప్రిల్ 11న వేలిమీద పెట్టిన సిరాచుక్క గోటి చివర ఇంకా కాస్త మిగిలే ఉన్నది.

దాన్ని చూసి మా మనవరాలు చిట్టి గంతు వేసింది. "తాతయ్యా, నువ్వు ఓటు వేశావా? నేనూ రోజూ వేస్తున్నాను!" అన్నది.

పదమూడేళ్ళ పిల్లకి ఓటేమిటి అని నేను ఆశ్చర్యపోయాను. సంగతి ఏమిటంటే ఆ దేశంలో అప్పుడు ఇంకో ఎన్నిక జరుగుతోంది. నూటొక్కమంది కుర్రాళ్ళు పోటీ. గెలిచేది పదకొండుమంది. వాళ్ళంతా కలిసి ఒక పాటల బృందం. ఓటర్లు టెలివిజను ముందు కూర్చున్న జనం.

ఆ కార్యక్రమం పేరు ప్రొడ్యూస్ ఎక్స్ 101. ఎమ్‌నెట్ అనే సంగీతపు టెలివిజను వారిది. శుక్రవారం రాత్రి పదకొండు గంటలకి మొదలయ్యేది. పదిన్నరకే పడకెక్కే మా ఇంటావిడ కూడా రెండో వారానికి కళ్ళు నులుముకుంటూ సోఫాలో కూర్చోవడం నేర్చింది. "ఆ గళ్ళ చొక్కా అబ్బాయిని పంపించేశారా పాపం?" అని నన్నే అడిగేది, అక్కడికి నేనే పంపించినట్లు.

సువన్ గురించి రెండు ముక్కలు చెప్పాలి. సియోల్‌కి దక్షిణాన రైల్లో సుమారు గంట దూరం. ఊరి నడిబొడ్డున హ్వాసాంగ్ అనే కోట ఉన్నది. జాంగ్‌జో అనే రాజు 1794లో మొదలుపెట్టి 1796కల్లా కట్టించాడు. నేను రోజూ ఉదయం ఆ గోడ వెంబడి నడిచేవాణ్ణి. గోడ నాకంత గొప్పగా తోచలేదు; మన కొండవీడూ గోలకొండా చూసిన కళ్ళు కదా! నన్ను కట్టిపడేసింది ఆ కోట తాలూకు లెక్కల పుస్తకం. కోట కట్టిన వైనమంతా రాసి 1801లో అచ్చువేశారు. ఎంత రాయి, ఎంత కలప, ఎంత ఇనుము పట్టిందీ, ఏ తాపీమేస్త్రీ ఎన్నాళ్ళు పనిచేశాడూ, అతనికి ఎంత కూలి ముట్టిందీ - పనివాళ్ళ పేర్లతో సహా ఉన్నదట. యుద్ధంలో గోడలు కూలిపోతే, తరువాత ఆ పుస్తకం చూసే తిరిగి కట్టుకున్నారు. రాజుగారి కోటలో వడ్రంగి పేరు నిలిచిందంటే లెక్కల మేష్టారిగా పని చేసినవాడికి ఒళ్ళు పులకరించదూ? ముప్ఫై నాలుగేళ్ళు బడిలో కూడికలూ తీసివేతలూ చెప్పినవాణ్ణి. ఈ పుస్తకం సంగతి మా పిల్లలకి చెప్పలేకపోయానే అనిపించింది.

సరే, పోటీ దగ్గరికి వద్దాం.

ఇలాంటి పోటీలు కొరియావాళ్ళు కనిపెట్టినవి కావు. 1999లో న్యూజీలాండులో పాప్‌స్టార్స్ అని ఒక కార్యక్రమం పెట్టి, అయిదుగురు అమ్మాయిల్ని ఏరి ట్రూబ్లిస్ అనే బృందం కట్టారు. ఆ పద్ధతిని దేశదేశాలవాళ్ళు కొనుక్కున్నారు. 2002లో మన దేశానికీ వచ్చింది. ఛానల్ వీ వారు అయిదుగురు అమ్మాయిలతో వివా అనే బృందాన్ని తయారుచేశారు. మా అమ్మాయి అప్పుడు కాలేజీలో చదువుతూ ఆ పాటలు వింటూ ఉంటే "ఇదేం గోల" అని నేను విసుక్కున్న సంగతి ఆమె మరిచిపోలేదు. ఇప్పుడు అర్ధరాత్రి దాకా నేను టెలివిజను చూస్తూ ఉంటే వంటింట్లోంచి నవ్వుతూ ఉండేది.

అయితే కొరియావాళ్ళు ఈ ఆటకి కొత్త మెలిక పెట్టారు. న్యాయనిర్ణేతలు ఉండరు. పాట చెప్పేవారూ, నాట్యం నేర్పేవారూ ఉంటారు గాని, ఎవరు ఉండాలో ఎవరు పోవాలో చెప్పేది జనమే. చూసేవాళ్ళందరికీ 'జాతీయ నిర్మాతలు' అని బిరుదు. కార్యక్రమం నడిపే నటుడు లీ డాంగ్-వుక్ ఆ జాతీయ నిర్మాతలకి ప్రతినిధి అన్నమాట. 2016లో మొదటిసారి నూటొక్కమంది ఆడపిల్లలతో పెట్టారు. 2017లో మగపిల్లలతో. 2018లో జపాన్ అమ్మాయిల్ని కూడా కలుపుకున్నారు. నేను చూసింది నాలుగోది.

ఆ పిల్లల్ని 'యన్‌సుప్‌సెంగ్' అంటారు. అభ్యాసం చేసే విద్యార్థి అని అర్థం. చిన్నవయసులోనే సంగీత సంస్థలు చేర్చుకుని, పాటా ఆటా మాటా నేర్పి, ఎన్నేళ్ళకో రంగం మీదికి ఎక్కిస్తాయి. కొందరిని ఎప్పటికీ ఎక్కించవు. రోజుకి పన్నెండు గంటల సాధన, కొలిచి పెట్టే తిండి, అద్దాల గదులు - చిట్టి ఇవన్నీ చెబుతూ ఉంటే నాకు మన బెజవాడ ఇంటర్మీడియట్ హాస్టళ్ళే కళ్ళకు కట్టాయి. తేడా ఏమిటంటే, మనవాళ్ళు ఎంట్రన్సు రాస్తారు. వీళ్ళు గంతులు వేస్తారు. తల్లిదండ్రుల ముఖాల్లో ఆదుర్దా మాత్రం రెండుచోట్లా ఒకటే.

మొదటి రోజున నూటొక్క కుర్చీలు మెట్లు మెట్లుగా, గోపురం ఆకారంలో వేశారు. శిఖరాన ఒకటో నెంబరు కుర్చీ, అడుగున వందా, నూటొకటీ. ఎవరు ఎక్కడ కావాలంటే అక్కడ కూర్చోవచ్చు. అక్కడే కుర్రాళ్ళ గుణాలన్నీ బయటపడతాయి. కొందరు సిగ్గుపడి ఎనభైలో కూర్చుంటారు. ఒకడు ఒకటోదాని దాకా ఎక్కి, ధైర్యం చాలక వెనక్కి దిగుతాడు. తరువాత పరీక్ష. తరగతులకి ఏ, బీ, సీ, డీ అని గ్రేడులు, అన్నిటికన్నా అడుగుది ఎక్స్. ఆ ఎక్స్ వచ్చిన పిల్లవాడి మొహం చూపించినప్పుడు నేను తల తిప్పుకునేవాణ్ణి. ఎందరి పేపర్ల మీద ఎర్రసిరాతో సున్నాలు చుట్టాను! ఇచ్చేటప్పుడు పిల్లల మొహం ఇంత దగ్గరగా చూడలేదు.

వారం వారం ఓట్లు. నూటొక్కమంది అరవై అయ్యారు, అరవైమంది సగమయ్యారు, చివరికి ఇరవైమంది మిగిలారు. చిట్టి ఏరి పెట్టుకున్న అబ్బాయి ఆ ఇరవైలో ఉన్నాడు. పొడుగాటి కుర్రాడు. అదివరకే ఒక బృందంలో పాడి, పేరు రాక, మళ్ళీ మొదటినుంచీ మొదలుపెట్టినవాడు. "ఎందుకే ఇతనంటే అంత ఇష్టం?" అని అడిగాను. "ఓడిపోయి కూడా మళ్ళీ వచ్చాడు కదా తాతయ్యా. పైగా పక్కవాళ్ళకి స్టెప్పులు నేర్పుతాడు" అన్నది. కారణం బాగానే ఉన్నదని నేనూ ఆ పక్షంలో చేరాను.

చివరి పోటీ జూలై 19, శుక్రవారం. సియోల్‌లో జామ్‌సిల్ అనే పేటలో, 1988 ఒలింపిక్సు జరిగిన క్రీడా ప్రాంగణంలో. టిక్కెట్లు దొరకలేదు. కనీసం బయట నిలబడి చూస్తానని చిట్టి పేచీ. అల్లుడికి ఆఫీసు. నాకు వేరే పనేమున్నది? మధ్యాహ్నం భోజనాలు కాగానే తాతా మనవరాలూ రైలెక్కాము.

అక్కడి రైలు స్టేషన్లలో ఒక చోద్యం చూశాను. మన దగ్గర సబ్బులకీ చీరలకీ పెట్టే దీపాల బోర్డుల్లో అక్కడ ఈ కుర్రాళ్ళ నిలువెత్తు బొమ్మలు. కంపెనీలు పెట్టినవి కావుట. బడిపిల్లలూ, గుమాస్తాలూ, గృహిణులూ తలా కాస్త చందా వేసుకుని, 'మా అబ్బాయికి ఓటు వెయ్యండి' అని పెట్టించినవి. బోర్డు కింద నేలమీద రంగురంగుల చిన్న చీటీలు అంటించి ఉన్నాయి. ఒక స్కూలు పిల్ల అక్కడ చీటీ అంటించి, వెనక్కి నాలుగడుగులు వేసి, వంగి నమస్కారం చేసి మరీ వెళ్ళింది.

ప్రాంగణం బయట అచ్చం మన ఎన్నికల కేంద్రానికి నూరుగజాల అవతలి దృశ్యమే. గుడారాలు, జెండాలు, కాగితపు విసనకర్రలు. వాటి మీద అబ్బాయిల మొహాలు. వానాకాలం ఉక్క. నాకొక విసనకర్ర, ఒక చాక్లెట్టు, ఒక కార్డు ఇచ్చి ఒక పెద్దావిడ ఏదో చెప్పింది. ఆమెకి అరవై ఏళ్ళకి తక్కువ ఉండవు. చిట్టి తర్జుమా చేసింది: "మీ మనవరాలు ఎవరికి వేసినా ఫరవాలేదు, మీ ఓటు మాత్రం మా అబ్బాయికి వెయ్యమంటోంది." "మీ అబ్బాయా?" అని అడిగించాను. కాదుట. ఆమెకి పిల్లలు లేరు. భర్త పోయాక రాత్రిళ్ళు నిద్రపట్టక టెలివిజను చూస్తూ ఉండగా ఈ కుర్రాడు కనిపించాడుట. అంతే.

చాక్లెట్టు తిని ఓటు ఇంకొకరికి వెయ్యడం మనకి కొత్త కాదు గాని, ఆవిడ విషయంలో ఎందుకో మనసు గిలగిల్లాడింది.

పోటీ మొదలయ్యేవేళకి ఇల్లు చేరాము. ఆ రాత్రి ఫోనులో సందేశం పంపి ఓటు వెయ్యాలి. ఒక్కోటి 100 వాన్. మన లెక్కన ఆరు రూపాయలు. మా అమ్మాయి ఫోను, అల్లుడి ఫోను, పక్కింటివారిని బతిమాలి తెచ్చిన ఫోను - మూడింటితో చిట్టి ఓట్లు వేసి, మూడువందల వాన్ నాణేలు లెక్కపెట్టి వాళ్ళమ్మ చేతిలో పెట్టింది. "నా డబ్బుతోనే వెయ్యాలి, లేకపోతే అది నా ఓటు కాదు" అన్నది. ఇంత పట్టింపు ఈ పిల్లకి ఎక్కణ్ణుంచి వచ్చిందా అనుకున్నాను.

అర్ధరాత్రి దాకా ఫలితాలు. పొడుగాటి కుర్రాడు పదకొండులో రాలేదు. గెలిచినవాళ్ళని కౌగిలించుకుని నవ్వాడు. చిట్టి ఏడవలేదు. పళ్ళు తోముకుని పడుకున్నది. ఆ పడుకోవడంలోనే తెలిసిపోయింది ఎంత బాధపడిందో.

మరునాడో ఆ మరునాడో సాయంత్రం ఫోను పట్టుకుని నా దగ్గరికి వచ్చింది. "తాతయ్యా, నువ్వు లెక్కల మేష్టారివి కదా, ఇది చూడు" అన్నది. ఇరవైమందికీ వచ్చిన ఓట్ల పట్టిక అది. అభిమానులు ఎవరో దాంట్లో ఒక వింత పట్టారుట, ఊరంతా అదే గొడవట.

మందుల చీటీ వెనక పెన్సిలుతో వేశాను. మొదటివాడికి 13,34,011. రెండోవాడికి 13,04,033. తేడా 29,978. మూడోవాడికి 10,79,200, నాలుగోవాడికి 10,49,222. తేడా మళ్ళీ 29,978! ఇంకా కిందికి వెళితే అదే తేడా మళ్ళీ మళ్ళీ వస్తోంది. లక్షలమంది ఎవరికి తోచినట్లు వాళ్ళు నొక్కిన ఓట్లకి, నాలుగు అంగుళాల స్కేలుతో గీత గీసినట్లు తేడాలు వస్తాయా?

అక్కడితో ఆగలేదు. ఇరవై అంకెలూ ఒకే చిన్న సంఖ్యకి గుణిజాలు. ఆ సంఖ్య 7494.442. మొదటివాడి ఓట్లు దానికి 178 రెట్లు, రెండోవాడివి 174, మూడోవాడివి 144, నాలుగోవాడివి 140. భాగహారాలు చేస్తూ పోతే శేషం లేకుండా తెగుతున్నాయి. నా చెయ్యి వణికింది. లెక్క తెగినప్పుడు సంతోషపడేవాణ్ణి ముప్ఫై నాలుగేళ్ళ ఉద్యోగంలో. తెగినందుకు భయపడింది అదొక్కసారే.

సంస్థవారు నాలుగైదు రోజుల్లో సంజాయిషీ ఇచ్చారు. ఓట్లని శాతాలుగా మార్చి, రెండు దశాంశ స్థానాలకి సవరించి, తిరిగి ఓట్లుగా రాయడంలో వచ్చిన పొరపాటేగాని, వరుస మారలేదని. చిట్టి ఆశగా నా మొహంలోకి చూసింది. ఆ పిల్లకి ఆ పదకొండుమందీ శత్రువులు కారు. వాళ్ళంటే కూడా ఇష్టమే.

"ఇలా చూడమ్మా" అన్నాను. "రెండు స్థానాలకి సవరిస్తే చివరి అంకె సున్నానుంచి తొమ్మిది దాకా ఏదైనా రావచ్చు కదా. ఇక్కడ ఇరవైమందికీ చివరి అంకె సున్నాగాని అయిదుగాని ఉన్నది. ఒక్కడికి అలా రావడానికి అయిదింట ఒక వంతు అవకాశం. ఇద్దరికీ రావడానికి ఇరవై అయిదింట ఒక వంతు. ఇరవైమందికీ రావాలంటే అయిదుని ఇరవైసార్లు హెచ్చవేసుకో." వేసింది. తొంభై అయిదు లక్షల కోట్ల పైచిలుకు. అందులో ఒక వంతు.

"అంటే?"

"ఎవరో శాతాలు ముందు రాసుకుని, ఓట్లు తరువాత వేసినట్లున్నది."

చిట్టి కాసేపు మాట్లాడలేదు. తరువాత మెల్లిగా, "రాసినవాళ్ళకి తెలుస్తుంది కదా తాతయ్యా? మనకి తెలియకపోయినా వాళ్ళకి తెలుస్తుంది కదా. మరి వాళ్ళు రాత్రి ఎలా పడుకుంటారు?" అన్నది.

నేను "పడుకోవే, పొద్దుపోయింది" అన్నాను. వేళ సాయంత్రం ఏడు.

పాఠకులకి ఇక్కడ నా కథ కొంచెం చెప్పక తప్పదు. 1984లో నేనొక చిన్న ఊళ్ళో బడిలో పనిచేస్తున్నాను. బడి వార్షికోత్సవానికి పాటల పోటీ పెట్టారు. ముగ్గురు న్యాయనిర్ణేతలు, మార్కులు కూడేది నేను. దర్జీగారి అమ్మాయి ఒకతె పాడింది. సంగీతం నేర్చుకోలేదు, విని పట్టుకున్న పాట. మైకు మొరాయిస్తే మైకు వదిలేసి పాడింది. వెనక వేరుశనక్కాయలు అమ్మేవాడు కూడా అరవడం మానేశాడు. కూడితే ఆ పిల్లకే ఎక్కువ వచ్చాయి. అప్పుడు బడి పెద్దల్లో ఒకరు నా పక్కకి వచ్చి, బహుమతి ఫలానా వారి అమ్మాయికి రావాలనీ, సభకి వచ్చిన అతిథి వాళ్ళ బంధువనీ, "మేష్టారూ, మీరు ఒక్కసారి కూడిక సరిచూడండి" అనీ అన్నారు. నేను సరిచూశాను. ఒక ఆరుని తొమ్మిది చేశాను. ఆరుని తొమ్మిది చెయ్యడం ఎంత తేలికో! నాకు అప్పుడు ఉద్యోగం ఖాయం కాలేదు, ఇంట్లో పసిపిల్ల. ఆ మాటలు నాకు నేను చెప్పుకున్నవే. ఎవరూ నన్ను బెదిరించలేదు.

మరునాడు ఆ దర్జీగారి అమ్మాయి స్టాఫు రూము గుమ్మంలో నిలబడి, "నాకెన్ని తక్కువొచ్చాయండీ?" అని అడిగింది. "ఒకటేనమ్మా, ఒక్క మార్కే. వచ్చే ఏడు నీకే వస్తుంది" అన్నాను. సంతోషంగా వెళ్ళింది. వచ్చే ఏడు పోటీలో ఆ పిల్ల పేరు ఇవ్వలేదు. ఎందుకో నేను అడగలేదు.

ఇది మా ఇంటావిడకి కూడా తెలియదు.

ఆగస్టు చివర మేము తిరిగి వచ్చేశాము. ఆలోగానే, జూలై 31న పోలీసులు సంస్థ కార్యాలయాన్ని సోదా చేశారు. తమ ఓట్లు ఏమయ్యాయో తేల్చమని అభిమానులు ప్రభుత్వ న్యాయవాదుల దగ్గర ఫిర్యాదు పెట్టారు. వందేసి వాన్ పెట్టిన బడిపిల్లలు న్యాయవాదిని కుదుర్చుకోవడం నేను ఎక్కడా వినలేదు. ఎక్స్ వన్ అనే ఆ కొత్త బృందం ఆగస్టు 27న గోచాక్‌లోని పెద్ద డోము కింద మొదటి పాట పాడింది. నవంబరులో కార్యక్రమం తీసిన నిర్మాతని అరెస్టు చేశారు. 2020 జనవరి 6న బృందం రద్దయింది. అయిదేళ్ళని చెప్పిన ఆట అయిదు నెలలు కూడా నిలవలేదు. ఆ పదకొండుమంది కుర్రాళ్ళ తప్పేమున్నది? ఎవరు ఓట్లతో వచ్చారో, ఎవరు రాతతో వచ్చారో వాళ్ళకే తెలియదు.

విచారణలో తేలింది ఇంకా ఘోరం. ఒక్క నాలుగోసారే కాదు, నాలుగుసార్లూ ఎక్కడో ఒకచోట చెయ్యి పడింది. 2020 మే నెలలో నిర్మాతకి రెండేళ్ళు, అతని పైవాడికి ఏడాది ఎనిమిది నెలలు శిక్ష వేశారు. పై కోర్టు నవంబరు 18న దాన్ని ఖాయం చేసింది. 2021 మార్చిలో సుప్రీంకోర్టు కూడా. ఆ నవంబరు తీర్పు రోజున ఒక విశేషం జరిగింది. నిజానికి నిలవవలసి ఉండి పోయిన పన్నెండుమంది పేర్లూ న్యాయమూర్తి తీర్పులో చెప్పారు. 2018 పోటీలో లీ గా-ఉన్ అనే అమ్మాయిది పధ్నాలుగో స్థానమని ప్రకటించారు. ఆమె నిజంగా అయిదోది. హన్ చో-వన్ అనే అమ్మాయిని పదమూడన్నారు, ఆమె ఆరోది. అక్రమంగా లాభం పొందినవాళ్ళ పేర్లు మాత్రం చెప్పలేదు. వాళ్ళకేమీ తెలియదు గనుక, చెబితే లోకం వాళ్ళని నమిలేస్తుంది గనుక.

ఆ రోజు మన దగ్గర మధ్యాహ్నం చిట్టి ఫోను చేసింది. కరోనా రోజులు, రాకపోకలు లేవు. "తాతయ్యా, అతని పేరు చదివారు! కోర్టులో చదివారు!" అని ఒకటే అరుపు. పొడుగాటి కుర్రాడి పేరు ఆ పన్నెండులో ఉన్నది. అప్పుడు ఏడ్చింది, ఏడాదిన్నర క్రితం ఏడవవలసిన ఏడుపు.

నేను ఫోను పెట్టేసి చాలాసేపు వరండాలో కూర్చున్నాను.

మళ్ళీ 2024 అక్టోబరులో వెళ్ళాను. ఈసారి ఒక్కణ్ణే, మా ఇంటావిడకి విమానం వద్దన్నారు డాక్టరుగారు. చిట్టికి పద్ధెనిమిది. తల్లి కంటే పొడుగు. ఇప్పుడు ఆ పాటలు వింటుంది గాని ఎవరికీ ఓటు వెయ్యదు. "నీకొకటి చూపిస్తాను పద" అని సాంగామ్ తీసుకువెళ్ళింది.

సాంగామ్ అంటే టెలివిజను కంపెనీల పేట. అద్దాల మేడలు, వాటి గోడల మీద కదిలే బొమ్మలు. ఆ పోటీ నడిపిన సంస్థ మేడ కూడా అక్కడే. స్టేషనులో దిగి దాని ముందునుంచే నడిచాము. గుమ్మం దగ్గర ఇంకా ఎవరో పిల్లలు కెమెరాలు పట్టుకుని కాచుకుని ఉన్నారు. చిట్టి ఆ మేడ వంక చూసింది, ఏమీ అనలేదు. అక్కణ్ణుంచి హనుల్ పార్కుకి. 'హనుల్' అంటే ఆకాశం.

ఆ పార్కు ఒక గుట్ట మీద ఉన్నది. గుట్ట అనుకున్నది చెత్త. నాంజిదో అని అక్కడ హాన్ నది ఒడ్డున ఒకప్పుడు పువ్వుల దీవి ఉండేదిట. 1978నుంచి 1993 దాకా సియోల్ నగరం చెత్తంతా అక్కడ పోశారు. దాదాపు తొమ్మిది కోట్ల టన్నులు పేరుకుని తాటిచెట్లని మించిన కొండ అయి కూర్చున్నది. తరువాత దాన్ని మట్టితో కప్పి, లోపలి వాయువు గొట్టాలతో లాగి, 2002లో ప్రపంచ ఫుట్‌బాలు పోటీల వేళకి తోటగా మార్చారు. ఇప్పుడు పైన మైదానమంతా నిలువెత్తు రెల్లు. అక్టోబరులో తెల్లగా పూసి, గాలికి ఒకవైపే వాలుతూ, కృష్ణ ఒడ్డున మన రెల్లు పూసినట్లే ఉన్నది. చెత్తని దాచలేదు వాళ్ళు. ఇది ఫలానా కొండ అని బోర్డు పెట్టి, గొట్టాలు బయటికి కనిపిస్తూ ఉంచారు. నాకది నచ్చింది.

ఎక్కడానికి మెట్లదారి ఉన్నది. నా మోకాళ్ళ సంగతి తెలిసి చిట్టి బ్యాటరీ బండిలో వెళదామన్నది. ఎక్కుతానని నేనే మొండికేశాను. మధ్యలో బల్ల మీద కూర్చున్నప్పుడు, కింద టెలివిజను మేడలు కనిపిస్తూ ఉండగా, 1984 సంగతి చెప్పాను. ఆరుని తొమ్మిది చేసిందీ, "ఒక్క మార్కే" అన్నదీ, అంతా. చెప్పడానికి అయిదు నిమిషాలు కూడా పట్టలేదు. నలభై ఏళ్ళు మోసింది అంత చిన్న కథ!

చిట్టి ఏమంటుందో అని బెల్లం కొట్టిన రాయిలా కూర్చున్నాను. చాలాసేపు రెల్లు వంకే చూసింది. నన్ను తిట్టలేదు, ఓదార్చలేదు.

"ఆ అమ్మాయి పేరేమిటి?" అన్నది.

చెప్పాను.

"ఇంటిపేరు?"

గుర్తురాలేదు. హాజరు పట్టీలో రోజూ పిలిచిన పేరు. మొదటి అక్షరం నాలుక చివర ఆడుతోంది, రావడం లేదు. ఫలానా వారి అమ్మాయి ఇంటిపేరు మాత్రం చక్కగా గుర్తున్నది.

"బడిలో రిజిస్టర్లు ఉంటాయి కదా తాతయ్యా" అన్నది చిట్టి. "రెండొందలేళ్ళ కిందటి వడ్రంగి పేరు మా ఊళ్ళో ఉన్నదని నువ్వే కదా చెప్పావు."

దిగేటప్పుడు నా చెయ్యి పట్టుకునే దిగింది. ఇంటికి వచ్చేదారిలో స్టేషను దుకాణంలో మూడుమూలల అన్నం ముద్దలు కొనుక్కుని తిన్నాము. చేప లేనిదేదో చదివి చూసి మరీ ఇచ్చింది.

బెజవాడ వచ్చాక ఆ బడికి ఉత్తరం రాశాను. ఎవరో గుమాస్తా, పాత రిజిస్టర్లు వరదలో కొన్ని తడిశాయనీ, ఉన్నవి వెతికించి చూస్తామనీ జవాబిచ్చారు. రెండో ఉత్తరానికి జవాబు ఇంకా రాలేదు. ఊళ్ళో అప్పటి దర్జీ కొట్టు ఉన్న వీధి నాకు గుర్తే. ఎండలు తగ్గాక బస్సెక్కుతాను.